పక్షి మీద మనకున్న హక్కు ఎంత?

మస్జిదుల్లోనూ దర్స్ సమావేశాల్లోనూ ఉలమాలకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: “మౌల్వీ సాబ్, ఇంట్లో చిలుకను పెంచుకోవచ్చా?” అడిగేవారికి కావలసింది జాయెజ్, నాజాయెజ్ అనే రెండు మాటల్లో ఒకటి. అది విని వెళ్ళిపోతారు. కాని ఆ చిన్న ప్రశ్న వెనుక పెద్ద ప్రశ్న ఒకటి నిలబడి ఉంది. ఆకాశంలో ఎగరడానికి పుట్టిన ఒక జీవిని పట్టి మన వరండాలో వేలాడదీసే హక్కు మనకు ఎవరిచ్చారు? ఇచ్చినవాడు దానికి ఏదైనా హద్దు పెట్టాడా? ఈ ప్రశ్నకు జవాబు వెతక్కుండా చిలుక మసలాకు జవాబు చెప్పడం పునాది లేకుండా గోడ కట్టడం లాంటిది.

దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 38వ ఆయత్‌లో అల్లాహ్ నేల మీద తిరిగే జంతువులను, రెక్కలతో ఎగిరే పక్షులను మనలాంటి సముదాయాలుగా పేర్కొన్నాడు. అక్కడ వాడిన పదం ‘ఉమమ్’. ఉమ్మత్ అనే మాటకు బహువచనం అది. మనం మన గురించి ఎంతో గౌరవంగా చెప్పుకునే మాటను సృష్టికర్త పిచ్చుకల గుంపుకూ కాకుల గుంపుకూ వాడాడు. అవన్నీ చివరకు తమ ప్రభువు వద్దే సమీకరించబడతాయని కూడా అదే ఆయత్ తెలియజేస్తుంది. ఇక నూర్ సూరా 41వ ఆయత్ రెక్కలు చాచిన పక్షులు తమ నమాజునూ తస్బీహ్‌నూ ఎరిగి ఉన్నాయని తెలుపుతుంది. దాని వెంటనే వచ్చే 42వ ఆయత్ భూమ్యాకాశాల యాజమాన్యం అల్లాహ్‌దేనని స్పష్టం చేస్తుంది. పక్షి ఆరాధన ప్రస్తావన, ఆ వెంటే యాజమాన్యం ఎవరిదన్న ప్రకటన! ఈ వరుసను తొందరగా దాటిపోకూడదు.

నిజమే, భూమ్యాకాశాల్లో ఉన్నవాటిని మానవునికి లోబరిచామని కూడా ఖుర్ఆన్ చెబుతుంది. దీనినే తస్ఖీర్ అంటారు. అయితే తస్ఖీర్ వేరు, మిల్కియత్ వేరు. అద్దె ఇంట్లో ఉండేవాడు గదులన్నీ వాడుకుంటాడు, వంట చేసుకుంటాడు, మేకు కూడా కొడతాడు. అయినా గోడ పడగొట్టే అధికారం అతనికి లేదు. ఖాళీ చేసే రోజున లెక్క చెప్పాల్సి ఉంటుంది.

మనిషికీ పక్షికీ మధ్య ఉన్న సంబంధంలో ఖుర్ఆన్ చూపే మొదటి దృశ్యం గమనించదగ్గది. ఆదమ్ (అ) కుమారుల్లో ఒకడు తన సోదరుణ్ణి చంపి ఆ దేహాన్ని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడు అల్లాహ్ ఒక కాకిని పంపాడు. అది నేలను తవ్వి చూపించింది (మాయిదా: 31). ఖననం మనిషికి నేర్పిన గురువు కాకి అన్నమాట. ఆ తర్వాత సులైమాన్ (అ), హుద్‌హుద్ పిట్ట వృత్తాంతం అన్నమ్ల్ సూరాలో ఉంది. సైన్యాన్ని పరిశీలించిన చక్రవర్తికి ఆ పిట్ట కనిపించలేదు. తగిన కారణం చెప్పకపోతే శిక్ష తప్పదన్నారు. అంటే శిక్షకు ముందు విచారణ ఉంది. పిట్ట వచ్చింది, సబా దేశపు సమాచారం చెప్పింది. పైగా చక్రవర్తికి తెలియనిది తనకు తెలిసిందని ధైర్యంగా పలికింది. ఆయన కోపగించలేదు. ఆ సమాచారం నిజమో కాదో చూద్దామని, ఆ పిట్ట చేతికే ఉత్తరం ఇచ్చి పంపారు. మాటలు రాని జీవి విషయంలో కూడా వినకుండా తీర్పు ఇవ్వకూడదన్న పాఠం ఇందులో ఉంది. మన ఇళ్ళల్లో పిల్లల విషయంలోనైనా ఇది పాటిస్తున్నామా అన్నది వేరే చర్చ.

వినడం అంటే ఏమిటో చెప్పే ఒక పాత పుస్తకం ఉంది. పదో శతాబ్దంలో బస్రా నగరంలో ఇఖ్వానుస్సఫా పేరుతో ఒక పండిత బృందం ఉండేది. వారి సిద్ధాంతాలు చాలావాటితో మన ఉలమాలు ఏకీభవించలేదు, అది గుర్తుంచుకోవాలి. అయితే వారి రచనల్లో ఒకటి మన చర్చకు చాలా దగ్గరిది. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం మౌల్వీ ఇక్రామ్ అలీ 1810లో దానిని ఉర్దూలోకి తెచ్చారు. కథ ఇదీ: ఓడ కొట్టుకుపోయి కొందరు మనుషులు ఒక దీవికి చేరతారు. అక్కడి జంతువులనూ పక్షులనూ పట్టి పనిలో పెట్టబోతారు. అవి పారిపోయి, ఆ దీవిని పాలించే జిన్నుల రాజు దర్బారులో ఫిర్యాదు చేస్తాయి. మనుషులు ఒక్కొక్కరే లేచి తమ ఆధిక్యతకు రుజువులు చూపుతారు. మా రూపం అందమైనది అంటారు. నీ రూపం నీకు అందం, మా రూపం మాకు అని జవాబు వస్తుంది. మాకు చేతిపనులు తెలుసు అంటారు. తేనెటీగ కట్టే ఇంటి సంగతి ఏమిటని ఎదురుప్రశ్న. మాకు రుచికరమైన భోజనాలున్నాయి అంటే, వాటితో వచ్చే రోగాల జాబితా వినిపిస్తారు. బుద్ధి, విద్య, రాజ్యం, ఏ వాదన తెచ్చినా ఇలాగే వీగిపోతుంది.

చివరకు హిజాజ్‌కు చెందిన ఒక వ్యక్తి లేచి మరణానంతర జీవితం ప్రస్తావన తెస్తాడు. మాకు స్వర్గ వాగ్దానం ఉంది అంటాడు. నరకం హెచ్చరిక కూడా మీకే ఉంది కదా అని పక్షుల తరఫు నుండి జవాబు వస్తుంది. నిజమేనని అతను ఒప్పుకుంటాడు. విధేయులమైనా అవిధేయులమైనా మాకు శాశ్వత జీవితం ఉంది, మాలో ప్రవక్తలూ పుణ్యపురుషులూ ఉన్నారు అంటాడు. ఆ మాట దగ్గర వాదన ముగుస్తుంది, తీర్పు మనుషుల వైపు వస్తుంది.

మనుషులు గెలిచారని సంతోషించే ముందు ఎలా గెలిచారో చూడండి. అందం నిలవలేదు, తెలివి నిలవలేదు, బలం నిలవలేదు. నిలిచిన వాదన ఒక్కటే, పరలోకం. అంటే పక్షి కంటే మనం ఏ విషయంలో ఎక్కువ? మనల్ని లెక్క అడుగుతారు, అందులో ఎక్కువ. ఆధిక్యత పత్రం మీదే జవాబుదారీ షరతు రాసి ఉంది. ఆ షరతును చింపేస్తే పత్రమూ చిరిగిపోతుంది.

ఈ షరతును గుర్తుపెట్టుకున్నా, పెట్టుకోకపోయినా, చరిత్రలో మనిషి పక్షితో రకరకాలుగా మెలిగాడు. అన్నిట్లోకీ నాకు ముచ్చటగా తోచేది ఆఫ్రికాలో మొజాంబిక్ దేశపు నియాసా ప్రాంతంలో కనిపిస్తుంది. అక్కడి యావో తెగవారు అడవి తేనె సేకరిస్తారు. వారిలో అత్యధికులు ముస్లింలు. తేనెపట్టులు ఎక్కడున్నాయో చూపించే ఒక చిన్న పిట్ట వారికి తోడు వస్తుంది. దానిని ఎవరూ పట్టలేదు, మచ్చిక చేయలేదు, తర్ఫీదు ఇవ్వలేదు. తేనె తీసేవాడు తండ్రి దగ్గర నేర్చుకున్న ఒక ప్రత్యేకమైన కూత వేస్తాడు. పిట్ట వచ్చి కొమ్మ నుండి కొమ్మకు ఎగురుతూ దారి చూపుతుంది. మనిషి పొగబెట్టి తేనె తీసుకుంటాడు, మైనం పిట్టకు మిగులుతుంది. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ కూత వేస్తే పిట్ట దారి చూపే అవకాశం 33 శాతం నుండి 66 శాతానికి పెరిగిందని తేలింది. ఇందులో పంజరం లేదు, దారం లేదు. ఇద్దరికీ లాభం ఉంది, ఇద్దరూ స్వేచ్ఛగానే ఉన్నారు.

పావురంతో మన పూర్వీకుల సంబంధం కూడా కొంత ఇలాంటిదే. ఈజిప్టులో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (ర) గుడారం మీద ఒక పావురం గూడు కట్టిందని, సైన్యం అలెగ్జాండ్రియాకు కదిలేటప్పుడు దాన్ని కదిలించకుండా గుడారాన్ని అలాగే వదిలి వెళ్ళారని చరిత్రకారులు రాశారు. తర్వాత ఆ చోటే ఫుస్తాత్ నగరం వెలసింది. అరబీలో ఫుస్తాత్ అంటే గుడారమే. పన్నెండో శతాబ్దంలో సుల్తాన్ నూరుద్దీన్ జంగీ శిలువ యుద్ధాల మధ్య సరిహద్దు వార్తలు త్వరగా అందడానికి పావురాల టపా నడిపించారు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టూ రైతులు మట్టితో, ఇటుకతో పెద్ద పెద్ద బురుజులు కట్టి అడవి పావురాలకు వేలాది గూళ్ళు ఏర్పాటు చేశారు. పదిహేడో శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు షార్దిన్ అలాంటివి మూడు వేలకు పైగా ఉన్నాయని రాశాడు. పావురాలు ఇష్టం వచ్చినప్పుడు వచ్చేవి, పోయేవి. రైతుకు కావలసింది వాటి రెట్ట మాత్రమే, పుచ్చతోటలకు ఎరువుగా. ఇస్తాంబుల్‌లో ఉస్మానీ కాలపు మస్జిదుల గోడలకు పిచ్చుకల కోసం రాతిలో చెక్కిన బుల్లి మేడలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్నింటికి బుల్లి మినార్లు కూడా ఉన్నాయి!

మన నేల కూడా తక్కువ తినలేదు. నెల్లూరు వైపు నేలపట్టు చెరువులో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు పెడతాయి. వాటి రెట్ట కలిసిన నీరు పొలాలకు బలమని చుట్టుపక్కల రైతులు వాటి జోలికి పోరు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వాసులు ఏటా వచ్చే కొంగలను, గూడబాతులను ఊరి అతిథులుగా చూసుకుంటారు. మనిషి నాటిన చెట్టు నుండి, వేసిన పైరు నుండి పక్షి తిన్నది కూడా అతని ఖాతాలో సదఖాగా జమ అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). పంట మీద వాలిన పిట్టను తిట్టుకునే రైతు సోదరులకు ఈ హదీసు పెద్ద ఓదార్పు.

అవసరం దాటి సరదా మొదలయ్యే చోట సంగతి మారుతుంది. అక్బర్ దర్బారులో ఇరవై వేలకు పైగా పావురాలు ఉండేవని ఆయినె అక్బరీలో ఉంది. ఆ ఆటకు చక్రవర్తి ఇష్ఖ్‌బాజీ అని అందమైన పేరు కూడా పెట్టాడు. హైదరాబాదు పాతబస్తీ మిద్దెల మీద కబూతర్‌బాజీ ఇప్పటికీ సాగుతోంది. మన హనఫీ ఫిఖహ్ గ్రంథం హిదాయాలో పక్షులతో ఆడుకోవడమే పనిగా పెట్టుకున్నవాని సాక్ష్యం చెల్లదని ఉంది. కారణాలు కూడా చెప్పారు: ఆ ఆట మనిషిని పరధ్యానంలో పడేస్తుంది, పైగా మిద్దె ఎక్కినవాని చూపు ఇరుగుపొరుగు ఇళ్ళల్లో స్త్రీల మీద పడుతుంది. పావురాలను పెంచడం తప్పని ఎవరూ అనలేదు. వాటి వెంట మనిషి పోగొట్టుకునేదాని గురించే హెచ్చరించారు.

దీనికంటే ఘోరమైనవి ఉన్నాయి. ఒక పక్షిని కట్టేసి గురిపెట్టి బాణాలు వేస్తున్న యువకులను చూసి హజ్రత్ ఇబ్నె ఉమర్ (ర), ప్రాణమున్న దానిని గురిగా చేసుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని వారికి వినిపించారు (బుఖారీ, ముస్లిం). జంతువులను ఒకదానిపై ఒకటి ఉసిగొల్పడాన్ని కూడా ఆయన (స) వారించారు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కత్తులు కట్టి జరిపే కోడిపందేలు మన పండుగ కాదు కదా అని మనం తప్పించుకోవచ్చు. కాని బరి చుట్టూ పందెం కాసేవారిలో మన పేర్లవారు కూడా ఉన్నారన్నది బాధాకరమైన వాస్తవం. అదే పండుగకు ఎగరేసే గాలిపటాల నైలాన్ మాంజా పక్షుల రెక్కలనూ మనుషుల గొంతులనూ కోస్తోంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని దేశమంతటా నిషేధించింది. అయినా దుకాణాల్లో దొరుకుతూనే ఉంది, మన పిల్లలు కొంటూనే ఉన్నారు.

ఇప్పుడు పంజరం మసలాకు వద్దాం. ఈ విషయంలో రెండు హదీసులను కలిపి చదవాలి. ఒకటి హజ్రత్ అనస్ (ర) చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌ది. ఆ పిల్లవాడు ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు, అది చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి పేరుపెట్టి పిలిచి, ప్రాసతో లాలనగా పిట్ట సంగతి అడిగారు (బుఖారీ, ముస్లిం). ఈ ఒక్క హదీసు నుండి షాఫయీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ అరవైకి పైగా విషయాలు రాబట్టారు. పిట్టను ఉంచుకోవడం ధర్మసమ్మతమేనన్నది వాటిలో ఒకటి. రెండో హదీసు అబూదావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక పిట్ట పిల్లలను రెంటిని గూటి నుండి తీసుకున్నారు. తల్లి పిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. ఆ పిట్టను ఎవరు క్షోభపెట్టారని దైవప్రవక్త (స) అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు.

ఈ రెంటిలో విరోధం లేదు. మొదటిది అనుమతి, రెండోది దాని హద్దు. మన పట్టణాల్లో అమ్మే చిలుకలు దాదాపు అన్నీ చెట్టు తొర్ర నుండి రెక్కలు రాకముందే లాక్కొచ్చినవే. ఆ పంజరం ఏ హదీసు కిందికి వస్తుందో చెప్పడానికి పెద్ద ముఫ్తీ అవసరం లేదు. పైగా రామచిలుక, మైనా, మునియా లాంటి మన దేశపు పక్షులను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. ఇది చాలామందికి తెలియదు. పంజరాల్లోనే తరాలుగా పెరిగిన విదేశీ లవ్‌బర్డ్స్ సంగతి వేరు, అవి బయట బతకలేవు. వాటిని ఉంచుకోవచ్చు. అయితే రెక్క విప్పేంత చోటు, వేళకు నీళ్ళు, గింజలు, వేసవిలో నీడ ఇవ్వడం యజమాని మీద వాజిబ్. తిండి పెట్టక, వదలక పిల్లిని చంపిన స్త్రీకి పడిన శిక్ష మనందరికీ తెలిసిన హదీసే. ఊరెళుతూ పంజరాన్ని మరచిపోయేవారు దాన్ని గుర్తుచేసుకోవాలి.

పక్షిని పట్టకుండానే, చూడకుండానే చంపే పద్ధతి కూడా ఒకటి మన కాలంలో వచ్చింది. పశువులకు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ మందు ఇచ్చేవారు. ఆ పశువు చనిపోతే దాని కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయాయి. ఈ కారణం 2004లో బయటపడింది, 2006లో పశువులకు ఆ మందును ప్రభుత్వం నిషేధించింది. అప్పటికే మన దేశపు మూడు జాతుల రాబందులు నూటికి తొంభై ఐదుకు పైగా నశించాయి. కళేబరాలు కుళ్ళాయి, కుక్కలు పెరిగాయి, నీళ్ళు చెడ్డాయి. దీని ఫలితంగా 2000 నుండి 2005 వరకు అయిదు లక్షల మంది అదనంగా మరణించారని 2024లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. తెలుగులో దురాశపరుణ్ణి రాబందు అంటాం. పాపం, ఆ పక్షి ఎవరి సొత్తూ తినలేదు, మనం పారేసినది తిని మనల్ని కాపాడింది. చైనాలో 1958లో ధాన్యం తింటున్నాయని పిచ్చుకల నిర్మూలన ఉద్యమం నడిపారు. పురుగులు విజృంభించాక 1960లో పిచ్చుకలను ఆ జాబితా నుండి తొలగించారు.

ఇక అందరి ఇంటికీ సంబంధించిన పక్షి మిగిలింది. దానికంటే ముందు ఒక ముస్లిం బాలుని సంగతి చెప్పాలి. బొంబాయిలో తల్లిదండ్రులు లేక మేనమామ వద్ద పెరిగిన సలీం అలీ చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇలాంటిదాన్ని తినవచ్చా అని సందేహం కలిగి మేనమామకు చూపించాడు. ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ భద్రపరచిన వందలాది పక్షులను చూసిన ఆ బాలుడు జీవితాంతం పక్షుల విద్యలోనే గడిపాడు. 1931–32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసింది ఆయనే. తన ఆత్మకథకు ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నారు. తినవచ్చా అన్న ప్రశ్న ఆయనను ఆ పక్షి ఏమిటి, ఎక్కడిది, ఎలా బతుకుతుంది అన్న ప్రశ్నల దాకా తీసుకెళ్ళింది.

మనం చికెన్ దుకాణం ముందు అదే ప్రశ్న అడుగుతాం: “హలాలేనా భాయ్?” అవునంటే చాలు, అక్కడితో ఆగిపోతాం. జబహ్ సరిగ్గా జరిగిందా అని అడగడం తప్పనిసరి, అందులో సందేహం లేదు. కాని జబహ్ ఒక్క క్షణం. దానికి ముందు ఆ కోడికి ఒక జీవితం ఉంది. నేటి బ్రాయిలర్ కోడి దాదాపు నలభై రోజుల్లో రెండు కిలోలు పెరిగేలా తయారైంది. శరీరం అంత వేగంగా బరువెక్కితే కాళ్ళు తట్టుకోలేక కుంటివయ్యేవి చాలా ఉంటాయి. గుడ్ల కోళ్ళను పెట్టే ఇనుప బోనుల్లో ఒక్కో కోడికి దక్కే చోటు కాగితం ఠావంత కూడా ఉండదు. అవి రెక్క విప్పకుండానే బతికి చస్తాయి. 2017లో మన లా కమిషన్ తన 269వ నివేదికలో ఈ బోనుల గురించి, కోళ్ళ రవాణా గురించి వివరంగా చర్చించింది. గుడ్ల జాతిలో పుట్టిన పుంజు పిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ లాభం కాదు. అందుకని పుట్టిన రోజే వాటిని చంపేయడం పరిశ్రమలో మామూలు. 2022లో జర్మనీ దీనిని నిషేధించింది.

నసాయీలో ఉన్న ఒక ఉల్లేఖనం ప్రకారం, పిచ్చుకనైనా హక్కు లేకుండా చంపినవాణ్ణి అల్లాహ్ నిలదీస్తాడు. దాని హక్కు ఏమిటని అడిగితే, జబహ్ చేసి తినడం, తల కోసి పారేయకపోవడం అని దైవప్రవక్త (స) వివరించారు. పుట్టిన పూటే చెత్తలో పడే ఆ పిల్లల లెక్క ఎవరి ఖాతాలో పడుతుంది? చంపేవాని ఖాతాలోనేనా, లేక గుడ్డు కొనే మనందరి ఖాతాలోనూనా? పూర్తి బాధ్యత కొనేవానిది అనలేను. ఏ బాధ్యతా లేదని కూడా అనలేను. ప్రతి విషయంలో ఇహ్సాన్‌ను విధిగా చేశాడని, జబహ్ చేసేటప్పుడు కత్తి పదునుపెట్టి జీవికి సుఖం ఇవ్వాలని చెప్పిన హదీసులో (ముస్లిం) ‘ప్రతి విషయం’ అన్న మాట ముందు వచ్చింది, కత్తి తర్వాత వచ్చింది. మనం కత్తిని పట్టుకుని ముందు మాటను వదిలేశాం. పదమూడో శతాబ్దపు మహాపండితుడు ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) యజమాని మీద జంతువుకు ఉన్న హక్కులను లెక్కించారు: ముసలిదై, జబ్బుపడి, ఇక లాభం లేకపోయినా తిండి పెట్టడం, శక్తికి మించిన భారం వేయకపోవడం, విశ్రాంతికి మంచి చోటు ఇవ్వడం, దాని కళ్ళెదుట దాని పిల్లలను కోయకపోవడం. వీటిలో ఎన్ని మన ఫారాల్లో ఉన్నాయో లెక్కపెట్టుకోవచ్చు. స్కూటర్ హ్యాండిల్‌కు కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసి తెచ్చే కోళ్ళను ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాం. బాధ కలిగేలా జంతువులను తీసుకెళ్ళడం 1960 చట్టం ప్రకారం కూడా నేరమే.

“మౌల్వీ సాబ్, పేదవాడికి దొరికే చౌక మాంసం ఇదొక్కటే, దాన్ని కూడా హరామ్ చేస్తారా?” అని కొందరు సోదరులు నిలదీయవచ్చు. లేదు. సరిగ్గా జబహ్ అయిన ఆ మాంసం హలాల్. అల్లాహ్ హలాల్ చేసినదాన్ని హరామ్ చేసే అధికారం ఎవరికీ లేదు. వారానికి ఒకసారి పావుకిలో తెచ్చుకునే రిక్షావాలాతో నాకు ఈ మాట లేదు. వలీమాకు అయిదువందల కోళ్ళు కోయించి, తెల్లారేసరికి సగం డేగిసా చెత్తకుండీలో పారబోసేవారితో ఉంది. వారికి నాటుకోడి కొనే స్తోమత ఉంది, వంటకాలు రెండు తగ్గించే స్తోమత అంతకంటే ఎక్కువగా ఉంది. కోళ్ళ ఫారాలు నడిపేవారు, చికెన్ దుకాణాలు పెట్టుకున్నవారు మన మొహల్లాల్లో ఎందరో ఉన్నారు. బోను కాస్త పెద్దది చేయడం, కోళ్ళను గంపలో తేవడం, ఒక కోడి ఎదుట మరో కోడిని కోయకుండా అడ్డంగా ఒక పరదా కట్టడం వారి చేతిలో పని. పరదా గుడ్డకు ఎంత ఖర్చవుతుంది?